నాలుగో మాటకూ ఐదో మాటకూ నడుమ

విమలమ్మకు రెండు ఫోన్లున్నాయి. ఒకటి కూతురు సుమలత కొనిచ్చిన పెద్ద ఫోను. అది ఎక్కడ పెట్టిందో ఆమెకే గుర్తుండదు. రెండోది బొత్తాల ఫోను. దాని మీది అంకెలు అరిగిపోయి, ఏది ఐదో ఏది ఎనిమిదో వేలికి తెలియాల్సిందే తప్ప కంటికి తెలియదు. బీడీలు చుట్టేటప్పుడు అది చాట పక్కన ఉంటుంది, స్నానానికి పోతే గుమ్మం మీద ఉంటుంది, చర్చికి పోతే ఒళ్ళో ఉంటుంది. దానికి ఇరవై ఎనిమిది రోజులకొకసారి తప్పకుండా రీచార్జి చేయిస్తుంది. చేయించకపోతే వచ్చే ఫోన్లు ఆగిపోతాయి. గల్ఫ్‌కు పోయిన ఆమె భర్త రామ్‌దాస్‌కు నోటికి వచ్చిన నంబరు అదొక్కటే మరి.

రామ్‌దాస్ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడింది. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారని మూడేళ్ళు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్యాంపు రైతుల చెరుకు తోటల్లో కూలికి పోయాడు. తరువాత అందరి లాగే గల్ఫ్ దారి పట్టాడు. అక్కడి కంపెనీ ఏడు నెలల జీతం ఎగ్గొట్టింది. ఒక మే నెల మధ్యాహ్నం ఫోన్ చేసి, "గీడ లాభం లేదు ఇమలా. మోర్తాడాయన ఒకాయన ఉన్నడు, ఆయనతోని ఇంకో తావుకు పోతున్న. పోయినంక ఫోన్ చేస్త. జర ఫోన్ దగ్గర్నే పెట్టుకో" అన్నాడు. ఆమె దగ్గరే పెట్టుకుంది. అది జరిగి ఆరేళ్ళ పది నెలలు.

వెతకలేదని మాత్రం అనకండి. మోర్తాడ్ పోయి ఆ రెండో మనిషి ఇల్లు కనుక్కుంది. అతని భార్య ఈమెను చూసి, ఏదైనా కబురు తెచ్చిందేమోనని ఎదురొచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చాయ్ తాగి, ఏడ్చి విడిపోయారు. నిజామాబాద్ కలెక్టరాఫీసుకు ఎన్నిసార్లు పోయిందో లెక్క లేదు. దరఖాస్తు తీసుకున్న ప్రతివాళ్ళూ మంచిగానే మాట్లాడారు. మంచి మాటలతో మనిషి వస్తే ఇంకేం కావాలి!

రామ్‌దాస్ బతికి ఉన్నాడంటే ఇంట్లో లేడు. చనిపోయాడంటే సమాధి లేదు. చర్చి వాళ్ళంతా ఈస్టరుకు ముందు తమ వాళ్ళ సమాధులకు సున్నం వేసుకుని, ఆ తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించుకుంటారు. విమలమ్మ ఆ రోజు శ్మశానం దాకా పోదు. ఏ రాయి ముందు నిలబడుతుంది? మరి లోకంలో ఆ మనిషికి మిగిలిన చోటంటూ ఒక్కటే ఉండేది. ఆదివారం ఆరాధనలో అప్పటి పాస్టరు, పాత అయ్యగారు, విజ్ఞాపన ప్రార్థన చేస్తూ రోగుల పేర్లూ ఆపదలో ఉన్నవాళ్ళ పేర్లూ ఒక్కొక్కటే చెప్పేవాడు. చివర్లో "పరదేశంలో ఉన్న నీ బిడ్డ రామ్‌దాస్" అనేవాడు. జనం "ఆమెన్" అనేవారు. ఆ ఒక్క ఆమెన్ కోసం ఆమె వారమంతా బతికేదంటే అతిశయోక్తి కాదు.

పాత అయ్యగారి దగ్గర పుస్తకమూ లేదు, చీటీలూ లేవు. ముప్ఫై పేర్లూ ఆయన నోట్లోనే ఉండేవి. క్రిస్మస్ అయ్యాక ఆయనకు బదిలీ అయింది. ఆయనతోపాటే ఆ ముప్ఫై పేర్లూ వెళ్ళిపోయాయి.

కొత్తయ్యగారు చిన్నవాడు, చురుకైనవాడు. వస్తూనే చర్చి గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టించి, "ప్రార్థన అవసరాలు చీటీ మీద రాసి ఇందులో వేయండి" అన్నాడు. తప్పేముంది? అందరూ రాసి వేశారు. మోకాళ్ళ నొప్పులు, పరీక్షలు, పిల్లకు సంబంధాలు. విమలమ్మ మాత్రం వేయలేదు. మొదటి ఆదివారం కొత్తయ్యగారు పేర్లన్నీ చదివి ముగించాడు. రామ్‌దాస్ పేరు రాలేదు. ఆమె తలెత్తి చుట్టూ చూసింది. ఎవరైనా లేచి, అయ్యగారూ ఒక పేరు మరిచారు అంటారనుకుంది. ఎవరూ అనలేదు. రెండో ఆదివారం అనలేదు. ఐదో ఆదివారం కూడా అనలేదు.

పేరు రాసి డబ్బాలో వేస్తే తీరిపోయే దానికి ఇంత రాద్ధాంతం ఎందుకని మీరు అడగవచ్చు. సుమలత కూడా అదే అడిగింది.

"అమ్మా, నేను రాసి ఏస్త, ఇయ్యి."

"అద్దు. ఆరేండ్ల సంది ఆమెన్ అన్నోళ్ళు గదా. ఒక్కలకన్న యాదికి రావాలె."

పొగరనండి, పంతమనండి, ఆమె అడగలేదు. అడిగి చెప్పించుకుంటే అది ఆమె జ్ఞాపకమే అవుతుంది గాని వాళ్ళది కాదు కదా. ప్రతి ఆదివారం ముందుగా వెళ్ళి కూర్చునేది, పేర్లు అయ్యేదాకా ఊపిరి బిగబట్టేది, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వచ్చేది. పోనుపోను మనుషుల మీద కోపం దేవుడి మీదికి మళ్ళింది. తునికాకు కత్తిరిస్తూ ఒకటే ఆలోచన. వీళ్ళకే యాదికి లేని మనిషి ఆ పైవాడికి యాదికున్నాడా? అసలు ఆరేళ్ళ ప్రార్థనలు ఆ చర్చి ఫ్యాన్ల దాకా పోయి ఆగిపోయాయేమో. అటువైపు ఎవరూ లేరేమో. ఈ మాట మనసులో అనుకున్న నాడు ఆమెకు నిజంగా భయం వేసింది. భర్త పోతే ఒక రకం ఒంటరితనం, ఇది ఇంకో రకం.

అదే సమయంలో రామ్‌దాస్ అన్న రాజారాం ఒక కాయితం పట్టుకొచ్చాడు. చెడ్డవాడు కాదు.

"ఇమలమ్మ, వచ్చే మే నెలకు ఏడేండ్లయితది. గన్నేండ్లు పత్తా లేకుంటె మనిషి లేనట్టే లెక్కనట, వకీలు చెప్పిండు. నువ్వు గీడ సంతకం పెడితె కోర్టుల ఏస్తడు. ఇల్లన్న నీ పేరు మీదికొస్తది."

"లేనట్టే అని నేను సంతకం పెట్టాల్నా బావా?"

"నేను మాత్రం సంబురంగ తెచ్చిన్నా? నా తమ్ముడు గాదా!" అని అతను కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె ఆ కాయితం బీడీల చాట కింద పెట్టింది.

గుడ్ ఫ్రైడేకు రెండు వారాల ముందు, ఆరాధన అయ్యాక కొత్తయ్యగారు అందరినీ కూర్చోబెట్టాడు. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా కూడిక ఉంటుంది. ఏసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు లేచి ఒక్కొక్కరు వివరించి చెబుతారు. ఎవరికే మాటో ముందే పంచుకుంటారు. మొదటిది, క్షమించమన్న మాట, చర్చి కమిటీ పెద్దమనిషిది. మూడోది, తల్లిని అప్పగించిన మాట, స్త్రీల సమాజానిది. ఐదోది, దాహమన్న మాట, ఎన్నో ఏళ్ళుగా హన్మాండ్లుది. ఆయన రామ్‌దాస్‌తో పాటు బాయిలరు దగ్గర చేసిన ముసలాయన. "దూప సంగతి బాయిలరోన్ని అడుగుండ్రి" అంటూ మొదలుపెట్టి ఏటా నవ్విస్తాడు.

నాలుగోది మాత్రం ఎవరూ ముట్టరు. నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావని కొడుకు తండ్రిని అడిగిన మాట అది. దానికి సమాధానం చెప్పడం కష్టం. ఎప్పుడూ పాత అయ్యగారే చెప్పేవాడు. ఈసారి కొత్తయ్యగారు, "అదీ సంఘంలోంచి ఎవరైనా చెబితే బాగుంటుంది" అన్నాడు.

"నేను చెప్త" అంది విమలమ్మ.

భక్తి పొంగి అనలేదండీ, కోపం పొంగి అంది. చర్చి ముందున్న ఆరాధన బల్ల దగ్గర నిలబడి వీళ్ళందరినీ కడిగేయాలి. దేవుడు విడిచిపెట్టాడో లేదో తెలియదు గాని మీరు విడిచిపెట్టారని చెప్పాలి. చెప్పి, చెప్పులేసుకుని బయటికి నడవాలి. మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదు. ఇంటికెళ్ళి రాజారాం కాయితం మీద సంతకం పెట్టేయాలి. బొత్తాల ఫోను గడువు కూడా సరిగ్గా గుడ్ ఫ్రైడేతో అయిపోతుంది. ఇక చేయించదు. అన్నీ ఒక్కరోజుతో తెగిపోతే మంచిదనుకుంది.

ఆ రోజు ఎండ మండిపోతోంది. ఆరేళ్ళ పది నెలల్లో మొదటిసారి ఆమె ఫోను ఇంట్లో వదిలేసి చర్చికి వచ్చింది. ఒళ్ళో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండో మాట అవుతుండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. ఆడవాళ్ళు కొంగులతో విసురుకుంటున్నారు. మూడో మాట, పాట అయ్యాయి. కొత్తయ్యగారు ఆమె వైపు చూశాడు.

విమలమ్మ లేచి ముందుకు పోయి నిలబడింది.

"అందరికి వందనాలు. నాకు వాక్యం చెప్పరాదు. ఎందుకు ఇడిసిపెట్టినవని కొడుకు అడిగిండు. గంతే. నిన్న నా బిడ్డతోని మళ్ళ మళ్ళ సదివిపిచ్చుకున్న. తండ్రి జవాబు యాడనన్న ఉంటదేమో అని సూసిన. లేదు. నాలుగో మాట అయినంక సీదా ఐదో మాటనే. దూపైతుందంటడు. నడుమల ఏం లేదు."

కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా పెనిమిటి పేరు పదమూడు ఆదివారాల సంది ఈ గుడిల ఎవ్వరు తియ్యలే. ఒక్కలకు యాదికి రాలే. నేను యాది చెయ్యలే. సూస్త, సూస్త అని కూసున్న. గిది మొకం మీద అడిగి పోదామనే వచ్చిన. మళ్ళ రావద్దనుకున్న."

ఎవరూ విసురుకోవడం లేదిప్పుడు. అనాల్సింది అనేసింది. చెప్పులేసుకుని నడవడమే మిగిలింది. కాని కాళ్ళు కదలలేదు. అప్పటిదాకా తానే అన్న మాట ఆమెకు అడ్డం వచ్చింది. నడుమల ఏం లేదు.

"ఆ నడుమల..." అని ఆగింది. "ఆ నడుమల్నే నేనున్న. నాలుగో మాటకు ఐదో మాటకు నడుమ. ఆరేండ్ల సంది గాడనే ఉన్న. పిలుస్త, జవాబుండది. గాడ నేనొక్కదాన్నే అనుకున్న. గిప్పుడు గీడ నిలవడితె... సిలువ మీదాయన గూడ గాడనే ఉండె గదా అనిపిస్తున్నది. ఆయనకు గూడ ఎవ్వరు పలుకలే. నాకింకేం తెల్వది."

అంతే చెప్పి వచ్చి కూర్చుంది. పక్కనున్న భీమవ్వ ఆమె చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇక హన్మాండ్లు ఐదో మాట చెప్పాలి. ముసలాయన లేచి నిలబడ్డాడు. బాయిలరు మాట ఎత్తలేదు.

"రామ్‌దాసు, నేను ఒక్క షిఫ్టోళ్ళం. నా సద్దిల సగం తిన్నోడు. పదమూడు ఆదివారాలు నాకు యాదికి రాలేదు. నా నోట్ల మన్ను వడ." "అయ్యగారు, నా మాట నేను ఎన్క చెప్త. పాట గూడ అద్దు. బిడ్డ చెప్పిన ఆ నడుమల జరసేపు మనమందరం కూసుందాం."

కొత్తయ్యగారు తలూపాడు. ఎవరూ ప్రార్థన చేయలేదు, ఎవరూ ఆమెన్ అనలేదు. కరెంటు లేని ఆ ఉక్కలో నలభై కుటుంబాల వాళ్ళు చెమటలు కారుస్తూ నోరు మెదపకుండా కూర్చున్నారు. ఎంతసేపో తెలియదు. చంటిపిల్ల ఏడిస్తే కూడా ఎవరూ లేవలేదు. విమలమ్మకు ఏ దర్శనమూ కాలేదు, ఏ స్వరమూ వినిపించలేదు. అదే నిశ్శబ్దం, ఆరేళ్ళ నుంచి వింటున్నదే. కాకపోతే ఈసారి అందులో మనుషులున్నారు. వాళ్ళకంటే ముందే వచ్చి కూర్చున్నవాడు ఒకడున్నాడని ఆమెకు అనిపించింది. కాసేపటికి హన్మాండ్లు దాహం మాట ఎత్తుకున్నాడు.

కూడిక అయ్యాక కొత్తయ్యగారు పరుగున వచ్చాడు. "అమ్మా, నాకు తెలియదు. క్షమించండి. ఒక్క చీటీ రాసిచ్చి ఉంటే..."

"చీటి నేను రాయ, అయ్యగారు. యాది పెట్టుకోండ్రి" అంది విమలమ్మ.

ఇంటికి వచ్చి మొదట బొత్తాల ఫోను చూసింది. ఏ ఫోనూ రాలేదు. ఆమె లేని ఆ మూడు గంటల్లోనే వచ్చి ఉంటుందని మీరు ఆశపడి ఉంటారు. కథ చెబుతున్న నేనూ ఆశపడ్డాను. రాలేదు. ఆ తరువాత ఈస్టరు నాడు కొత్తయ్యగారు చీటీ లేకుండా రామ్‌దాస్ పేరు చెప్పాడు, జనం గట్టిగా ఆమెన్ అన్నారు. అప్పుడూ రాలేదు. చాట కింద రాజారాం కాయితం అలాగే ఉంది. ఆమె దాన్ని చించలేదు, సంతకమూ పెట్టలేదు. అతను బతికే ఉన్నాడని ఆమె నమ్ముతోందా అంటే, ఆ మాట ఆమెను అడిగే ధైర్యం నాకు లేదు.

గుడ్ ఫ్రైడే మరునాడు పొద్దున మాత్రం ఆమె బస్టాండు పక్కన రాజేష్ మొబైల్ దుకాణానికి పోయింది. అతనికి ఆ నంబరు చెప్పనక్కర్లేదు, కంఠతా వచ్చు.

"నిన్ననే అయిపోయింది గదక్కా. రాకపోతివేందని సూస్తున్న. ఎప్పటిదేనా, ఇరవై ఎనిమిది దినాలది?"

ఆమె ఫోనును కొంగుతో తుడిచింది.

"అన్నిటికన్న ఎక్కువ దినాలది ఏది?"

"ఏడాదిది ఉన్నది. ఎందుకక్కా, ఏమన్న కబురొచ్చిందా?"

"రాలే" అంది విమలమ్మ. "ఏడాదిది ఎయ్యి."