విమానం మీద పిడకలు

మా మేనత్త పోయింది. తెల్లాపూర్‌లో బావ వాళ్ల అపార్ట్‌మెంట్‌లో పొద్దున చాయ్ తాగి, మంచం మీద అలా వాలి, మళ్లీ లేవలేదట. "అమ్మ ఇగ లేదు" అన్నాడు బావ ఫోన్‌లో. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "పాపం, నోరులేని మనిషి" అంటుంటే నాకు ఒళ్లు మండింది. మా అత్తకు నోరుంది. ఎంత నోరుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1970ల మొదట్లో, నేను ఇంటర్ చదివేటప్పుడు, సెలవులకు అత్త దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు అద్దాల మేడలున్న ఆ వైపంతా అప్పుడు బండరాళ్లు, సీతాఫలం చెట్లు. ఊరవతల చిన్న విమానాల మైదానం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వేసింది, తర్వాత దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. దానికి అవతల అత్త చేను. పేడగంప నెత్తిన పెట్టుకుని ఆమె ముందు, నేను వెనక. తుమ్మచెట్లు దాటామో లేదో, ఎదురుగా విమానం! ముక్కు పైకెత్తి, తోక నేలకు ఆనించి, రంగు వెలిసిన పాత యుద్ధవిమానం. ఆకాశంలో తప్ప నేను విమానాన్ని చూసి ఎరగను. దగ్గరికి వెళ్తే దాని పక్కంతా వరసగా పిడకలు.

"అత్తా, ఇవెవరు కొట్టిన్రు?"

"నేనే. మొన్న చెడిపోయి దిగింది, మళ్ల లేవలే. రేకు గద, ఎండకు సుర్రుమంటది. జల్ది ఎండుతయి."

అంటూనే ఇంకో ముద్ద తీసి చరిచింది. అప్పుడే జీపు వచ్చి ఆగింది. దిగిన ఎయిర్‌ఫోర్స్ అధికారి కోస్తా మనిషి.

"ఏంటమ్మా ఈ పని? యుద్ధం చేసి వచ్చిన విమానమిది, మీ ఇంటి గోడ కాదు!"

నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. అత్త చెయ్యి కూడా తుడుచుకోలేదు.

"ఏ యుద్ధం సారూ? గా యుద్ధానికే గద మా నాయన చెలక భూమి సర్కారోళ్లు తీసుకున్నరు, అయినంక ఇస్తమని. అయిందా, ఇంక కాలేదా?"

ఆయనకు కోపం వచ్చింది. రేపే మైదానం చుట్టూ కంచె వేయించి, చేనుకు పోయే దారి మూసేస్తానన్నాడు. ఆ దారి పోతే గుట్ట చుట్టి రావాలి, ఆ రాళ్ల మీద ఎడ్లబండి ఎక్కదు. ఇక చేను ఉన్నా లేనట్టే. అత్తకు మిగిలిందల్లా ఆ చేనే.

మర్నాడు కూలీలు గుంతలు తవ్వుకుంటూ వచ్చేసరికి, దారి మధ్యలో సద్దిమూట పెట్టుకుని అత్త కూచుని ఉంది. ఎండ నెత్తికెక్కినా లేవలేదు.

"ఇంటికి పోదాం అత్తా, అందరు చూస్తున్నరు."

"చూడనియ్యి బిడ్డా. మనం నడిచే తొవ్వల మనం కూసున్నం, దొంగతనం చేస్తున్నమా?"

నేనూ పక్కన కూచున్నాను. సాయంత్రం అధికారి వచ్చి, ఇంకా దారిలోనే ఉన్న అత్తను చూసి, "బండి పట్టేంత సందు వదలండి" అని కూలీలకు చెప్పి వెళ్లిపోయాడు. పిడకల మాట ఎత్తలేదు. ఎండాక అత్తే వాటిని ఊడదీసి, రేకును తడిగుడ్డతో తుడిచింది. "ఎవరి సొమ్ము వాళ్లకు శుభ్రంగ ఇయ్యాలె" అంది, మైదానం వైపు చూస్తూ. చెలక మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

మియాపూర్ బస్సులో కండక్టర్‌తోనైనా, దవాఖానలో నర్సుతోనైనా ఆమెది అదే తీరు. "ఒక్కపారి పక్కకు జరిగితివా, రోజూ జరగమంటరు" అనేది. ఉద్యోగంలో నన్ను పక్కకు తప్పుకోమన్నప్పుడల్లా ఆ మాటే నన్ను నిలబెట్టింది. అందుకు ఆమెకు దండం పెడుతున్నాను.

పాడె సిద్ధమయ్యాక అపార్ట్‌మెంట్ సెక్రటరీ నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. "ఏమీ అనుకోకండి. సర్వీస్ లిఫ్ట్‌లో దింపి వెనక గేటు నుంచి తీసుకెళ్లండి. రూల్ అండి."

బావ తల ఊపబోయాడు.

"ఆమె ఈడికి వచ్చింది ముందు గేటు నుంచే. పోయేది గూడ గట్లనే" అన్నాను.

బావ నన్ను చూశాడు. పాడె ముందు కొమ్ము భుజానికెత్తుకున్నాడు. ముందు గేటు దగ్గర అడ్డకర్ర దించే ఉంది. సెక్యూరిటీ అతను సెక్రటరీ వైపు చూశాడు, మా వైపు చూశాడు, కర్ర పైకెత్తాడు. పాడె ముందు నడుస్తున్న డప్పులవాళ్లు సరిగ్గా దాని కిందికొచ్చి ఆగారు. వెనక కార్లు నిలిచిపోయాయి. ఎవరూ చెప్పకుండానే వాళ్లు అక్కడే నిలబడి ఇంకో దరువు అందుకున్నారు.