మరియరాణి ఫియోర్డ్ చూసిన వైనం

మరియరాణి చేతిలో గరిటె పట్టుకునే పుట్టిందని వాళ్ళమ్మ నవ్వుతూ అనేది. ఫిరంగిపురంలో ఇంటికి చుట్టాలొస్తే చాలు, ఇంత పిల్లగా ఉన్నప్పుడే నెయ్యిగిన్నె పట్టుకుని పంక్తి ఆ కొస నుంచి ఈ కొస దాకా తిరిగేది. పెళ్ళయి జోజయ్యతో సిడ్నీ వచ్చాక పారమట్టాలో ఒక ఆసుపత్రి వంటింట్లో పని దొరికింది. అక్కడా అదే తంతు. ట్రేలలో సూపూ, రొట్టే, జెల్లీ సర్ది మంచం మంచానికీ అందించడం. సాయంత్రం ఇంటికొస్తే మొగుడికీ, పిల్లలకీ. ఆదివారం పూజ అయ్యాక చర్చి హాల్లో అందరికీ. తను ఎప్పుడు తింటుందో, ఏం తింటుందో ఎవరికీ తెలీదు. ఆమెకే సరిగా తెలీదు.

ఆ ఆసుపత్రి వంటింట్లో గిన్నెలు కడిగే తొట్టి పైన ఒక క్యాలెండర్ వేలాడుతుండేది. ఎవరు తెచ్చి తగిలించారని మరియరాణి అందర్నీ అడిగింది. ఒక్కరూ చెప్పలేకపోయారు. ఏడాది మారిపోయినా జూలై కాగితాన్ని మాత్రం ఎవరూ చించలేదు. ఆ కాగితం మీద నిటారుగా రెండు కొండలు, వాటి మధ్య సందులోకి దారి తప్పి వచ్చినట్టున్న సముద్రం, ఒక కొండ అంచున అగ్గిపెట్టంత ఎర్ర ఇల్లు. చేతులు సబ్బునురగలో ఉన్నంతసేపూ ఆమె కళ్ళు ఆ ఇంటి మీదే ఉండేవి. అది ఏ ఊరు? అంత పైకి ఎలా ఎక్కుతారు? ఆ ఇంటావిడకి ఉప్పు నిండుకుంటే ఎవరింటికి పరిగెత్తుతుంది?

ఉండబట్టలేక ఒకరోజు ఆ కాగితం చించి ఇంటికి తెచ్చి కొడుకు ముందు పెట్టింది. క్రిస్ అప్పటికి హైస్కూల్ చివరి క్లాసులకొచ్చాడు.

"ఇట్స్ అ ఫియోర్డ్, మమ్. నార్వేలో ఉంటాయి. కొండల మధ్యకి సముద్రం లోపలికొచ్చేస్తుంది."

"లోపలికొచ్చి?"

"వచ్చి... జస్ట్ అక్కడే ఉంటుంది, మమ్."

ఆ మాట ఆమెకి తెగ నచ్చింది. ఏ పనీ లేకుండా వచ్చి ఊరికే అక్కడే ఉండటం!

తొంభయ్యో సంవత్సరంలో జోజయ్యకి ఆఫీసులో లాంగ్ సర్వీస్ లీవు వచ్చింది. పదేళ్ళు ఒకేచోట మెడ వంచి పనిచేస్తే ఇచ్చే సెలవది. ఆ సెలవు రాగానే మనవాళ్ళెవరైనా చేసేది ఒకటే, సూట్‌కేసులు నింపుకుని ఇండియా పోవడం. జోజయ్య కూడా ఉత్సాహంగా సూట్‌కేసులు దించాడు.

"నేను రాను," అంది మరియరాణి.

"రాకపోతే?"

"ఫియోర్డ్‌కి పోదాం."

"అదెవరు?"

మరియరాణి కాగితం చూపించింది. జోజయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి, తీసి మళ్ళీ చూశాడు. "నీళ్ళేగా రాణీ. మన హార్బర్‌లో లేవా నీళ్ళు?"

"ఇండియా పోతే మీ అక్కలింట్లో, మా అన్నలింట్లో, అక్కడా వడ్డించేది నేనే కదండీ. ఒక్కసారి నేను కూర్చుని దేన్నన్నా చూస్తాను. అంతే."

జోజయ్య ఒప్పుకోలేదు. ఆమె పోట్లాడలేదు, మాట్లాడటం మానేసింది అంతే. నిద్రలో కూడా ఎవరినో ఒకర్ని ఏదో ఒకటి అడిగే మనిషి నోరు మూసేసరికి ఇంట్లో రేడియో పాడైపోయినట్టయింది. రెండో రోజుకే జోజయ్యకి చెవుల్లో హోరు మొదలైంది. మూడో రోజు టికెట్ల సంగతి కనుక్కురావడానికి వెళ్ళాడు.

అంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కంతా ఆదివారం చర్చి హాల్లో వచ్చింది. జోజయ్య ఈ కబురు నలుగురిలో చెప్పాడు. చెప్పీ చెప్పగానే ఒకరి తోడల్లుడి తమ్ముడు కోపెన్‌హేగెన్‌లో, ఒకరితో గుంటూరులో చదువుకున్న డాక్టరమ్మ స్టాక్‌హోమ్‌లో, ఇంకొకరి మేనల్లుడు సాక్షాత్తూ నార్వేలోనే, బెర్గెన్ అనే ఊళ్ళో తేలారు. సాయంత్రానికల్లా అన్ని ఊళ్ళకీ ఫోన్లు వెళ్ళిపోయాయి. మర్నాటి నుంచి ఇంటికి పచ్చడి పొట్లాలు రావడం మొదలైంది, ఫలానావాళ్ళకి ఇవ్వండంటూ.

మరియరాణి ఆ పొట్లాలు లెక్కపెట్టింది. "హోటల్లో ఉందామనుకున్నాం కదండీ?"

"మనవాళ్ళున్న ఊళ్ళో హోటల్లో దిగడమా!" జోజయ్య నొచ్చుకున్నాడు. "వాళ్ళ మొహం మీద తలుపేసినట్టు కాదూ?"

ఆ మాటా నిజమే. సిడ్నీలో తనింటికి రాకుండా హోటల్లో దిగినవాళ్ళని తనే ఎన్నిసార్లు ఆడిపోసుకోలేదు!

కోపెన్‌హేగెన్‌లో ఆ తోడల్లుడి తమ్ముడు రామ్మోహన్ కారేసుకొచ్చాడు. దారిలో సముద్రం ఒడ్డున చెయ్యి చూపించి, "అదిగో, ఆ రాయి మీద కూర్చున్న చేపతోక పిల్ల బొమ్మే అందరూ చూడ్డానికొచ్చేది. చూశారుగా," అన్నాడు. మరియరాణికి ఎవరివో వీపులు కనిపించాయి.

"కాస్త ఆపితే దిగి చూస్తాం, తమ్ముడూ."

"దాన్లో చూసేదేముంది అక్కయ్యగారూ, ఇంతే ఉంటుంది. మా ఆవిడ పొద్దుట్నుంచీ వండుతోంది. పదండి పదండి."

రామ్మోహన్ భార్య లలితకుమారి మంచి మనిషి. ఉన్న మూడు రోజులూ పొయ్యి ఆర్పలేదు. ఆవిడ అలా చెమటలు కక్కుతుంటే చేతులు కట్టుకుని సోఫాలో కూర్చోవడం మరియరాణి వల్ల అవుతుందా? కొంగు దోపి తనూ వంటింట్లోకి నడిచింది. అందుకని డెన్మార్క్ దేశంలో ఆమె బాగా చూసినది లలితకుమారి పొయ్యి. ఆ పొయ్యి దగ్గరున్న కిటికీలోంచి ఒకరోజు కింద వాకిట్లో తోపుడుబండిలో చంటిపిల్ల ఒంటరిగా కనిపించింది. "ఎవరో పిల్లని పారేసి పోయారు!" అని గరిటెతో సహా కిందికి పరిగెత్తి, బండి ఊపుతూ నిలబడింది. పిల్ల తల్లి బయటికొచ్చి, గరిటె పట్టుకున్న ఈ చీరకట్టు ఆయా ఎవరా అని బిత్తరపోయింది. ఆ దేశంలో పసిపిల్లల్ని చల్లగాలికి బయటే పడుకోబెడతారని లలితకుమారి వచ్చి చెప్పేదాకా మరియరాణి బండి వదల్లేదు.

స్టాక్‌హోమ్‌లో డాక్టర్ కాత్యాయని ఇంట్లో దిగారు. ఆ ఊరంతా నీళ్ళూ, వంతెనలూ, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవట. కానీ ఆ ఊళ్ళో నాలుగు తెలుగు కుటుంబాలున్నాయి. ఒకరింట్లో తిని ఇంకొకరింట్లో తినకపోతే తగువులొస్తాయని కాత్యాయనే పూటకొకరికి వంతులేసి పంచింది. మరియరాణి నాలుగు డైనింగ్ టేబుళ్ళు చూసింది. నలుగురు ఇల్లాళ్ళకీ చేతిసాయం చేసింది. జోజయ్య మాత్రం బెల్టు ఒక బెజ్జం వదులు చేసుకుని, "ఎంత ప్రేమగల మనుషులో!" అని మురిసిపోయాడు.

"డాడ్, మనం టూరిస్టులమా, పెళ్ళికొచ్చిన గెస్టులమా?" అంది చిన్నది జాక్లిన్.

ఇక మిగిలింది బెర్గెన్ ఒక్కటే. ఫియోర్డ్ పడవలు బయల్దేరేది అక్కణ్ణించే. విమానం దిగుతుంటే కిందంతా మబ్బు. "మరియ తల్లీ, ఈ ఒక్క ఊళ్ళో నన్ను వంటింటి పాలు చెయ్యకు," అని దండం పెట్టుకుంది.

వాసుదేవరావూ, వాళ్ళావిడ కుసుమా ఎయిర్‌పోర్టుకొచ్చారు. కుసుమ పాతికేళ్ళ పిల్ల. మరియరాణిని చూడగానే వాటేసుకుని బావురుమంది. "తెలుగు ఆడమనిషి గొంతు విని ఎన్నాళ్ళయిందో ఆంటీ! ఫోన్లో తప్ప వినలేదు."

"ఆంటీ ఏంటమ్మా, అక్కా అను," అని కళ్ళు తుడిచింది మరియరాణి. తుడుస్తూనే అర్థమైపోయింది, మరియ తల్లి తన మొర వినలేదని.

మొదటిరోజు కుండపోతగా వాన. రెండోరోజూ వానే. ఇల్లు దాటింది లేదు. మర్నాడొక్కటే మిగిలింది, ఎల్లుండి పొద్దున్నే తిరుగు ప్రయాణం. ఆ సాయంత్రం వాన తెరిపిచ్చింది. మరియరాణి నెమ్మదిగా కదిపింది.

"వాసూ, ఆ పడవ ఎక్కడెక్కాలయ్యా?"

"అది పొద్దున్నే పోయి సాయంత్రానికి గానీ రాదు అక్కా. అదెక్కితే లంచ్ ఎలాగ? కుసుమ మీకోసం రేపు గారెలూ, గుత్తొంకాయా, పులిహోరా ప్లాన్ చేసింది. మినప్పప్పు ఓస్లో నుంచి తెప్పించాం. ఫియోర్డ్ ఎక్కడికి పోతుంది, నెక్స్ట్ టైమ్ చూద్దురుగానీ."

"అవునవును," అన్నాడు జోజయ్య గారెల పేరు విని. "ఫియోర్డ్ ఎక్కడికి పోతుంది?"

నెక్స్ట్ టైమంటే ఇంకో పదేళ్ళు. మరియరాణి లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుసుమ పప్పు నానేస్తోంది, చిన్నపిల్లలా కూనిరాగం తీస్తూ. ఆ మొహం చూసి, నాకు నీ గారెలొద్దని ఎలా చెప్పడం? మరియరాణి వంకాయలు ముందేసుకుని కూర్చుంది. కూర్చున్నాక ఊరుకోలేక అడిగింది.

"ఫియోర్డ్ ఎలా ఉంటుందే, కుసుమా?"

కుసుమ చేతులు నీళ్ళలో ఆగిపోయాయి. "ఏమో అక్కా. నేనింకా చూళ్ళేదు."

"ఈ ఊళ్ళోనే ఉండి?"

"వచ్చి నాలుగేళ్ళయింది. ఈయన ఫ్రెండ్స్ ఎవరొచ్చినా పడవెక్కించి పంపిస్తారు, నేను వాళ్ళొచ్చేసరికి వండిపెడతాను. మీరొక్కరే లంచ్‌కి ఉంటానన్నారు. అందుకే..."

మరియరాణి కత్తిపీట పక్కన పెట్టింది. ఉంటానని తను ఎప్పుడంది? అన్నది జోజయ్య.

"కుసుమా, గిన్నెలకి మూతలు గట్టివున్నాయా?"

పొద్దున హాల్లోకొచ్చిన వాసుదేవరావుకి గుమ్మం దగ్గర దుప్పట్లో మూటగట్టిన పెద్ద డేగిసా, తువ్వాళ్ళు చుట్టిన గిన్నెలూ, గారెల డబ్బా, పెరుగు బకెట్టూ కనిపించాయి. ఇల్లు ఖాళీ చేస్తున్నారనుకున్నాడు.

"లంచ్ కావాలన్నారుగా," అంది మరియరాణి. "లంచ్ కూడా వస్తుంది పదండి."

"పడవలో పులిహోరా! అక్కా, ఇక్కడివాళ్ళు రొట్టెముక్క కూడా చప్పుడు కాకుండా తింటారు. ఏమనుకుంటారు?"

"అడిగి చెప్తాగా," అంది మరియరాణి. అడగ్గలదు కూడా. అందుకే అతను గబగబా డేగిసా ఎత్తుకున్నాడు.

పడవ కదిలింది. కాసేపు ఊరూ, గోడౌన్లూ. తర్వాత కొండలు దగ్గరికి జరగడం మొదలుపెట్టాయి. మరియరాణి పైఅంతస్తులో రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. కుసుమని చెయ్యి పట్టి పక్కన నిలబెట్టుకుంది. కొండలు ఇంకా దగ్గరికొచ్చాయి, ఇంకా పైకి లేచాయి, తల వెనక్కి వాల్చితే గానీ కొస కనపడనంత. పైన మంచు. ఆ మంచులోంచి తెల్లగా సన్నగా జలపాతాలు, ఎవరో మిద్దె మీంచి మజ్జిగ ఒలకబోసినట్టు. కింద నీళ్ళు నల్లగా, నున్నగా, కదలకుండా. క్రిస్ చెప్పింది నిజమే. సముద్రం లోపలికొచ్చి ఊరికే అక్కడే ఉంది.

కింద నుంచి జోజయ్య కేక వినిపించింది. "రాణీ! అన్నం గరిటేదీ?"

మరియరాణి తల తిప్పలేదు.

"రాణీ! ఆకలేస్తోంది. ముందు పులిహోర పెట్టాలా, గారెలా?"

కుసుమ అలవాటుగా కదలబోయింది. మరియరాణి ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుంది. "కదిలావంటే నీళ్ళలోకి తోస్తా."

కింద మగవాళ్ళిద్దరికీ ఏం పాలుపోలేదు. మూటలన్నీ విప్పారు, గరిటె దొరకలేదు. మరియరాణి తేలేదు మరి. చివరికి జోజయ్య సిలువ గుర్తు వేసుకుని, ఒక కాఫీకప్పుతో పులిహోర తవ్వి పిల్లలకి పెట్టడం మొదలుపెట్టాడు. "డాడ్, దిస్ ఈజ్ టూ మచ్!" అంది జాక్లిన్. మారు అడిగేదాకా ఆగకుండా మళ్ళీ వేశాడు. వాసుదేవరావు గారెల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఆ వాసనకి పక్క బల్ల మీది ముసలాయన తల తిప్పి చూశాడు. చూసినవాణ్ణి వదలడమెలాగో తెలీక ఆయన చేతిలో ఒక గారె పెట్టాడు. ఆయన అటూ ఇటూ తిప్పి, కన్నంలోంచి కొండని చూసి, కొరికాడు. ఇంకొకటి కావాలన్నట్టు చెయ్యి చాపాడు. వెనకాల ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. కాసేపట్లో పంక్తి తయారైంది. జోజయ్యా, వాసుదేవరావూ తలా ఒక కప్పు పట్టుకుని చెమటలు కక్కుతూ వడ్డించారు. ఒక్క కొండ కూడా చూడలేదు.

పైన మరియరాణికి ఒక ఇల్లు కనిపించింది. అగ్గిపెట్టంత కాదు, నిజమైన ఇల్లే. తీగ మీద బట్టలారేస్తున్న ఒకావిడ కూడా కనిపించింది. "ఏం వండావమ్మా!" అని తెలుగులోనే అరిచింది మరియరాణి చెయ్యి ఊపుతూ. ఆవిడకి వినపడి ఉండదు. కానీ తడిగుడ్డ పట్టుకున్న చేతినే పైకెత్తి ఊపింది. కుసుమ పగలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

సిడ్నీ తిరిగొచ్చిన ఆరు నెలలకి, మంచి ఎండల్లో, పెర్త్ నుంచి భార్యాభర్తలెవరో వచ్చారు. తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళు. ఎయిర్‌పోర్టు నుంచి కారు తిన్నగా ఇంటివైపు తిప్పబోయాడు జోజయ్య.

"హార్బర్‌కి పోనివ్వండి," అంది మరియరాణి.

"వేళ దాటిపోతోంది రాణీ. ముందు భోంచేసి..."

"ఇంట్లో ఏమీ వండలేదు."

జోజయ్య బ్రేకు వేసినంత పనిచేశాడు. వెనక సీట్లో పెర్త్ ఆయన మొహం వాడిపోయింది. మనవాళ్ళింటికొస్తే వేడివేడిగా ఏదో ఉంటుందని విమానంలో కూడా తినలేదట. "పర్లేదండీ, బ్రిడ్జి ఎక్కడికి పోతుంది, రేపైనా చూడొచ్చు," అన్నాడు నీరసంగా.

వాళ్ళావిడ మాత్రం అప్పటికే కిటికీ అద్దం దించేసింది. కారు నీళ్ళ ఒడ్డున ఆగేసరికి, ఎవరూ తలుపు తీసేదాకా ఆగకుండా, చెప్పులు కారులోనే వదిలేసి దిగిపోయింది.