149 దగ్గర నిలబడిన గీత

1997 జూన్‌లో నన్ను అంబత్తూరులోని ఒక మందుల కర్మాగారంలో నాణ్యతా నియంత్రణ విభాగానికి సీనియర్ కెమిస్టుగా వేశారు. అంతకుముందు పదమూడేళ్ళు అదే సంస్థవారి రాయపురం గోదాములో ముడిసరుకు పరీక్షించాను. బ్యూరెట్టూ పిపెట్టూ తప్ప మరో పనిముట్టు ఎరగను. కొత్త చోట నాకు అప్పజెప్పింది మాస్ స్పెక్ట్రోమీటరు. పదార్థాన్ని ముక్కలుగా విరగ్గొట్టి, ఆ ముక్కల బరువులను గీతలుగా చూపే యంత్రం అది. ఆ గీతల వరుసను, అంటే స్పెక్ట్రాన్ని, తెలిసిన పదార్థాల వరుసలతో పోల్చి చూస్తే పేరు తేలుతుంది. పోల్చడానికి కావలసిన లైబ్రరీ సాఫ్ట్‌వేరును యంత్రం అమ్మేవాళ్ళు విడిగా అమ్ముతారు. మావాళ్ళు యంత్రం కొని లైబ్రరీ వద్దనుకున్నారు. అనుభవమున్న కెమిస్టులుండగా అదెందుకని టెక్నికల్ జనరల్ మేనేజరు వరదరాజులు నాయుడు గారు ఫైలు మీద రాశారు. ఆ అనుభవం నాదేనని చేరాక తెలిసింది.

ఆగస్టులో ఎగుమతికి సిద్ధమైన ఒక బ్యాచ్‌లో ఉండకూడని పదార్థమేదో కొద్దిగా కనబడింది. దాని స్పెక్ట్రంలో 149 దగ్గర ఒక గీత నిటారుగా నిలబడింది. 205, 223 దగ్గర రెండు చిన్నవి. అదేమిటో నాకు తెలియలేదు. బ్యాచ్‌కు ఎర్ర చీటీ అంటించి ఆపాను.

ఇలాంటప్పుడు విచారణ నివేదిక రాయాలి. ఉత్పత్తి విభాగం కారణం రాస్తుంది, నాణ్యతా విభాగం సంతకం చేస్తుంది. రెండూ ఉంటేనే ఫైలు మూసుకుంటుంది. ఉత్పత్తివాళ్ళు ఒక్క పూటలో కారణం కనిపెట్టారు. మందు తయారయ్యే రియాక్టరు సరిగా కడగలేదు, ఆపరేటరు నిర్లక్ష్యం. కడిగినట్టు రికార్డులో సంతకం పెట్టింది దేవదానం. పద్దెనిమిదేళ్ళ సర్వీసున్న మనిషి. అతన్ని సస్పెండు చేశారు. రోజూ ఉదయం గేటు దగ్గరికి వచ్చి రిజిస్టరులో సంతకం చేసి వెళ్ళడం వరకే అతని పని.

నేను గేటు దగ్గరికి వెళ్ళి అతన్ని అడిగాను. అంతవరకూ ఎవరూ అడగలేదట.

"కడిగినాను మేడమ్, సుమ్మా, ఊరికే సంతకం పెట్టలే" అన్నాడు. రిజిస్టరు మూసి, "ఒకటి చెప్పేదా? టొలీన్ లాగేదానికి పాత గొట్టం తీసేసి కొత్త ప్లాస్టిక్ ట్యూబు ఇచ్చినారు. వచ్చినప్పుడు మెత్తగా ఉండె. రెండు దినాలకే కట్టె మాదిరి అయిపోయింది. ఆ మెత్తదనం యాడికి పోయింది మేడమ్?" అన్నాడు.

ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి థాలేట్లనే నూనెలాంటి రసాయనాలు కలుపుతారు. టొలీన్ అనే ద్రావకం వాటిని కరిగించి తనతోపాటు రియాక్టరులోకి లాక్కుపోతుంది. ఆ మాట నాకు తట్టనందుకు సిగ్గుపడ్డాను.

అయితే ఆ థాలేట్ల స్పెక్ట్రాలు ఎలా ఉంటాయో చూడాలి కదా. కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితురాలొకామె ఆ మధ్యనే ఒక ఇంటర్నెట్ చిరునామా ఇచ్చింది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి వేల పదార్థాల వివరాలు, స్పెక్ట్రాలతో సహా, ఎవరైనా ఉచితంగా చూసుకొమ్మని పెట్టిందని చెప్పింది. మా కర్మాగారానికంతా ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు ఒక్కటే, అదీ డైరెక్టరు గారి సెక్రటరీ గదిలో. దానికీ ఫ్యాక్సుకూ ఒకటే టెలిఫోను లైను. ఫ్యాక్సు వస్తే ఇది తెగిపోతుంది. భోజన విరామంలో కూర్చుని, రెండుసార్లు తెగి, మూడోసారి వాటిలో ఒకటైన డైబ్యూటైల్ థాలేట్ పేరు కొట్టాను. బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగింది. 149 దగ్గర నిటారుగా ఒకటి, 205, 223 దగ్గర చిన్నవి రెండు.

బొమ్మ కలిస్తే సరిపోదు. ట్యూబు ముక్కను టొలీన్‌లో నానబెట్టి ఆ ద్రవాన్ని యంత్రంలోకి ఎక్కించాను. స్టోరులో ఉన్న అసలు రసాయనాన్నీ ఎక్కించాను. బ్యాచ్‌దీ ట్యూబుదీ అసలుదీ, మూడు స్పెక్ట్రాలూ ఒకటే. కాగితాలన్నీ పట్టుకుని నాయుడు గారి దగ్గరికి వెళ్ళాను. ట్యూబు మార్చమన్నది ఆయనే. చౌక అని.

ఆయన అన్నీ ఓపికగా చూశారు. "ఊరికే దొరికేదానికి విలువేముందమ్మా? రేపు ఆడిటరొచ్చి రెఫరెన్స్ యాడ అంటే నెట్టులో చూసినామని చెప్పేదా?" అన్నారు. శాంపిలు బొంబాయిలోని ఒక పేరున్న ప్రయోగశాలకు వెళ్ళింది. ఈలోగా నివేదికలో సంతకం చేయమన్నారు. "ఆపరేటరు నిర్లక్ష్యం" అన్న వాక్యం ఉన్నంతవరకూ చేయనన్నాను. నన్ను మళ్ళీ రాయపురం పంపగలరని ఆయన సున్నితంగానే గుర్తుచేశారు. భయపడ్డాను. సంతకం మాత్రం చేయలేదు.

మూడు వారాల తర్వాత దళసరి అట్టలో బొంబాయి రిపోర్టు వచ్చింది. డైబ్యూటైల్ థాలేట్, ప్లాస్టిక్ నుంచి వచ్చి ఉండవచ్చు. రుజువుగా ఒక స్పెక్ట్రం జతచేశారు. దాని అడుగున సన్నటి అక్షరాల్లో నేను చూసిన చిరునామానే ఉంది. నాయుడు గారికి వేలుపెట్టి చూపించాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. "వాళ్ళు చూస్తే రెఫరెన్సమ్మా. మనం చూస్తే నెట్టు" అన్నారు. వెటకారమేమీ లేదు, నియమం వివరిస్తున్నట్టే అన్నారు.

నివేదికలోని నిర్లక్ష్యం వాక్యం కొట్టేశారు. "పరికరాల ఎంపికలో లోపం" అని మార్చారు. ఎంపిక ఎవరిదో రాయలేదు. నేను సంతకం చేశాను. ట్యూబులన్నీ తీసేశారు, బ్యాచ్‌ను శుద్ధిచేసి పంపారు. దేవదానాన్ని సంశయలాభం కింద తిరిగి తీసుకుంటున్నట్టు ఉత్తరం ఇచ్చారు. అతను దాన్ని నా దగ్గరికి తెచ్చి, "ఇంకా ఏం సంశయం మేడమ్?" అని అడిగాడు. ఆ వారమే ఒక సర్క్యులరు కూడా వచ్చింది. భోజన విరామంలో ఇంటర్నెట్ వాడకం నిషేధం.

ఆ తర్వాత ఇంకో పదకొండేళ్ళు పనిచేశాను. విచారణ మొదలైన ప్రతిసారీ కాగితం ముట్టకముందే షిఫ్టులో ఉన్న మనిషితో మాట్లాడాను. సమాచారం ఉచితంగా దొరికినా కొన్నా, మా బెంచి మీద మళ్ళీ రాబట్టాకే నమ్మాను. ఈ రెండూ ఏ నియమావళిలోనూ లేవు. నేను చూసిన తప్పుల్లో చాలావరకు వీటితోనే దొరికాయి.