మిషనుకు కాలం చెప్పిన మేడం

మా ల్యాబ్ మేడం కర్నూలు ఆసుపత్రిలో పోయారని ఫోను వచ్చేసరికి, కడపలో మా కాలేజీ ల్యాబులో కరెంటు లేదు. మిషన్లన్నీ ఆగి గది నిశ్శబ్దంగా ఉండటంతో, పక్క ఆఫీసులో గుమాస్తా ఫోనులో అంటున్న మాటలు మా అందరికీ వినబడ్డాయి. ఎవరూ లేవలేదు. కరెంటు వచ్చాక కూడా చాలాసేపు ఎవరూ మిషను వేయలేదు.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఆమె మాకు ప్రోగ్రామింగు చెప్పారు. ఆమెది ఆత్మకూరు. కడప ఎండను రోజూ తిట్టుకుంటూ వచ్చేవారు, ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు.

నాకు ఆ ఏడాది మాటల పిచ్చి పట్టింది. మా అవ్వ నోట విన్న మాటలన్నీ పోగుచేసి, చివరి ఏడాది ప్రాజెక్టుగా వాటిని అకారాది క్రమంలో పేర్చే ప్రోగ్రాము రాస్తానన్నాను. మా పెద్దసారు, అంటే డిపార్టుమెంటు హెడ్డు, తల అడ్డంగా ఊపారు. "అందరి మాదిరి జీతాల లెక్కల ప్రాజెక్టు చేసుకో. ఇది నడవకపోతే మార్కులు రావు, మళ్లీ సంవత్సరం కూర్చోవాల."

మేడం పక్కనే ఉన్నారు. "చేస్తాది సార్. నేను చూసుకుంటా" అన్నారు. నా ప్రాజెక్టు ఆ మాట మీదే నిలబడింది.

చిక్కల్లా నేను ప్రోగ్రాము రాసే భాష, పైథానుతో వచ్చింది. మా ల్యాబు మిషన్లను నడిపే లినక్సుతో పాటు వచ్చిన పైథాను పాతది, తెలుగు అక్షరాన్ని అక్షరంగా గుర్తించదు. కొత్తది కావాలంటే, మనుషులు రాసిన దాని మూలపాఠాన్ని, అంటే సోర్సు కోడును తెచ్చుకుని, మా మిషను మీద మేమే నడిచే ప్రోగ్రాముగా కట్టి తయారు చేసుకోవాలి. బస్టాండు దగ్గరి నెట్ సెంటరులో దాన్ని సీడీకి ఎక్కించుకొచ్చాను.

"తయారైందే యాడో ఒకచోట దొరుకుతాది కద మేడం?" అని అడిగాను.

"హోటల్లో సంగటి కూడా దొరుకుతాది. నీ పొయ్యి మీద నువ్వు కెలికితేనే యాడ ఉండ కట్టిందో తెలుస్తాది."

తప్పు వస్తే వెంటనే కీబోర్డు మీద చేయి వేయనిచ్చేవారు కాదు. తెర నిండా తప్పులు పడితే అందరం చివరిది చూస్తాం, కళ్లకెదురుగా ఉండేది అదే కాబట్టి. ఆమె పైకి జరిపించి మొట్టమొదటి తప్పును పైకి చదివించేవారు. తర్వాత దాన్ని తెలుగులో చెప్పాలి. "మీ అమ్మకు చెప్పినట్టు చెప్పు" అనేవారు. మాట కోసం తడుముకుంటుంటే ఓపికగా ఎదురుచూసేవారు. మాటల మీద నా ప్రేమలో ఆ ఎదురుచూపుకు కొంత భాగముంది.

ఆమెకు ఇంకో అలవాటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ, ముందు తన చేతి గడియారం చూసుకుని మిషనులో తేదీ, టైము సరిచేసేవారు. వెనక బెంచీలో మావాళ్లు నవ్వేవాళ్లు. "మేడం మిషనుకు ముహూర్తం పెడతాండారప్పా."

"నవ్వండి, నవ్వండి" అనేవారు తిరిగి చూడకుండానే.

ఒకరోజు ఆమె వేరే క్లాసులో ఉండగా కరెంటు పోయి వచ్చింది. నేను టైము సంగతి వదిలేసి పనిలో పడ్డాను. ఒక ఫైలులో మార్పు చేసి, మళ్లీ కట్టమని మిషనుకు చెప్పాను. చేయడానికేమీ లేదంది. ఇంకోసారి మార్చాను. మళ్లీ అదే జవాబు. మేడం వచ్చేసరికి నాకు ఏడుపొకటే తక్కువ.

ఆమె తేదీ చూపించారు. ఎన్నో ఏళ్ల కిందటిది. మిషనులో బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు పోతే గడియారం వెనక్కి పోతుంది. "ఏ ఫైలు కొత్తదో మిషను తేదీ చూసే తెలుసుకుంటాది. నువ్వు ఇప్పుడు మార్చినా దానికది పాతదే. ఇది ఏ కాలమో ముందు దానికి చెప్పల్ల కదమ్మా" అన్నారు.

పని సగంలో ఉండగానే ఆమె జబ్బుపడి కర్నూలు ఆసుపత్రికి వెళ్లారు.

మేడం చనిపోయిన కొద్ది రోజులకు పెద్దసారు నన్ను పిలిచారు. ఆయన గొంతు మెత్తగా ఉంది. "ఇప్పుడైనా ప్రాజెక్టు మార్చుకోమ్మా. ఎవరూ ఏమీ అనుకోరు."

"చేస్తా సార్" అన్నాను. ఆమె నా తరఫున ఇచ్చిన మాట ఇక నేనే నిలబెట్టాలి.

ఒక పొద్దున పైథానును మొదటినుంచి మళ్లీ కట్టమంటే తెర నిండా తప్పులు పడ్డాయి. పైకి జరిపి మొదటిది చదివాను. ఖాళీ ల్యాబులో నాకు నేనే తెలుగులో చెప్పుకున్నాను. ఒక ఫైలు కోసం వెతికింది, దొరకలేదు. అది లినక్సు సీడీలోనే ఉంది, ఎవరూ ఎక్కించలేదంతే. ఎక్కించి మళ్లీ మొదలుపెట్టాను. తెర మీద వరుసలు పైకి పోసాగాయి.

అప్పుడు మేడం వాళ్లమ్మ వచ్చింది. ల్యాబు బీరువాలో ఉన్న కూతురి టిఫిను డబ్బా, శాలువా తీసుకుపోవడానికి ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చిందట. అవి చేత పట్టుకుని తెర వైపు చూసింది.

"ఏంది పాపా, అట్ల పోతాండాది?"

"మేడం మొదలుపెట్టించిన పనవ్వా. ఇంకా శానాసేపు పడుతుంది."

"పట్టనీలే. అయ్యేదాకా ఉంటా."

కూర్చుంది. కరెంటు పోకుంటే చాలనుకున్నాను. పోలేదు. మధ్యాహ్నం వరుసలు ఆగాయి. కొత్త పైథాను తెరిచాను. మూడు బాణాల గుర్తులు, వాటి పక్కన కొట్టుకుంటున్న చిన్న గీత.

"నిలిచిపోయింది. చెడిపోయిందా?"

"లేదవ్వా, అయిపోయింది. మనమేం చెప్తామా అని చూస్తాంది."

ఆమె కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

"సద్దరొట్టె అని కొట్టు. నా బిడ్డకు శానా ఇష్టం."

ఆ తెర మీద తెలుగు అక్షరాలు ఇంకా కనబడవు. సజ్జరొట్టెకు మా సీమ మాట అది; ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాను. మిషను ఆ మాటను తిరిగి చూపించింది. దాని కింద మళ్లీ ఆ మూడు గుర్తులు. అవ్వ ఇంకో మాట వెతుక్కుంటూ వాటినే చూస్తూ ఉంది.