సిపాయికి పెట్టిన ఐసు

మొగుడు బతికున్న రోజుల్లో పక్కింటివైపు చూసినా సూరమ్మ పట్టించుకోలేదు గానీ, కుక్క చూసేసరికి తట్టుకోలేకపోయింది.

అక్కుపల్లి ఒడ్డున ఎండుచేపలు ఆరబెట్టడం ఆవిడ పని. ఇసుకలో పరిచిన చేపల మీద కాకి వాలకుండా కాయడం ఆవిడ కుక్క సిపాయి పని. పడవ ఒడ్డుకొచ్చి వాటాలు వేసేటప్పుడు మనుషుల కుప్పల పక్కన దానికీ ఒక చిన్న కుప్ప పెట్టిస్తుంది.

"ఆడూ కట్టపడతన్నాడు కదేటి!" అంటుంది. ఎవరూ నవ్వరు. ఆవిడ నోరు అందరికీ తెలుసు.

ఈ ఎండాకాలం ఆ కుప్ప ముట్టేవాడు లేడు. సిపాయి పొద్దస్తమానం పక్కింటి నీలవేణి గుమ్మంలోనే. ఆమె ఇంట్లో కొత్త ఫ్రిజ్ ఉంది, అందులో కప్పు ఐస్‌క్రీంలు ఉన్నాయి. కప్పు అడుగున మిగిలింది సిపాయికి.

"ఏటి వదినా, నీ కుక్క మా గుమ్మం ఇడిసి ఎల్లడేటి?" అంది నీలవేణి.

"ఎంగిలి కప్పుకొస్తన్నాడు. నీ అందం సూసి కాదులే!"

అనైతే అంది గానీ, ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు. మర్నాడు పలాస బజారులో ఎండుచేపలు అమ్మి, ఐస్‌క్రీం కొట్టుకెళ్లింది. నీలవేణి పెట్టేది తెల్లది కాబట్టి తనకి నల్లది కావాలంది. మందంగా చాక్లెట్ పూసిన పుల్ల ఐసులు రెండు కొని, చేపల్ని పూడ్చినట్టే ఉప్పు చల్లిన ఐసుముక్కల్లో పూడ్చి, కరగకుండా ఇల్లు చేర్చింది. నీలవేణి చూస్తుండగా రెండూ సిపాయికి తినిపించింది.

సాయంత్రానికి సిపాయి కక్కి, వణుకుతూ పడిపోయింది. ఆటో పిలిచింది నీలవేణే. పశువుల డాక్టరు గౌరీశంకర్ సూది వేసి, సెలైన్ పెట్టి, "చాక్లెట్ ఎవరు పెట్టారు?" అన్నాడు.

పక్కనే నీలవేణి. నింద తోసేయడానికి ఒక్క మాట చాలు. సూరమ్మ ఆమెకేసి చూసి, సిపాయి కళ్లకేసి చూసి, తల దించుకుంది. "నానే బాబూ."

"కుక్కకైనా పిల్లికైనా అది విషం. తెల్ల ఐస్‌క్రీం కూడా వద్దు. పెద్దయ్యాక చాలావాటికి పాలు అరగవు, పంచదార మంచిది కాదు. చల్లగా పెట్టాలనుంటే ఉప్పూ ఉల్లీ వెయ్యకుండా చేపలు ఉడికించి, ముల్లు లేకుండా ఆ నీళ్లు వడగట్టి, గడ్డకట్టించి కాస్త పెట్టు."

మూడోనాటికి సిపాయి లేచి కాకుల వెంట పడింది. సూరమ్మ చేపనీళ్లు కాచింది. కాచాక గుర్తొచ్చింది, తనకి ఫ్రిజ్ లేదని. గ్లాసు కొంగుచాటున పెట్టుకుని పక్కింటికెళ్లింది.

"నీ పిరిజ్‌లో ఎట్టు. గట్టిపడ్డాక నాకియ్యి. నా సేత్తోనే ఎట్టాల."

"అలాగే వదినా. మరి ఆడు మా గుమ్మంలోనే కదా కూకుంతాడు?"

సూరమ్మ మూతి తిప్పుకుంది. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆ గుమ్మంలో ఇద్దరు కూర్చుంటున్నారు, సిపాయీ ఆవిడా.