మేము వెయ్యని మూడో రీలు

రెండువేల ఇరవై మూడు, ఆగస్టు నెల. కోదాడలో ఒక సర్కారు హైస్కూలు, తొమ్మిదో తరగతి గది. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసినం. నేను రిటైరై అప్పటికే ఆరేండ్లు. సర్వీసంతా సర్కారు ప్రచారం వ్యాన్ల సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ బళ్లన్నీ తిరిగి పిల్లలకు సినిమాలు వేసిన ఆపరేటర్ని. ఆఫీసు పాత ప్రొజెక్టర్నూ ఫిల్ము డబ్బాలనూ వేలం వేస్తే నేనే పాడి ఇంటికి తెచ్చుకున్న. "ఆ ఇనుప సామాను ఎక్కడ పెట్టుకోవాలె" అని మా ఇంటామె ఇప్పటికీ గులుగుతనే ఉంటది.

ఆ బడి సునీత టీచర్ ఫోన్ చేసింది. "సైదులు సార్, మా చిన్నప్పుడు మత్తుమందుల మీద ఒక సినిమా వేసేవాళ్లు కదా, ఉందా ఇంకా? మా పిల్లలకి చూపిద్దాం" అన్నది. నా పానం లేచొచ్చింది. పెన్‌డ్రైవులొచ్చినంక నన్నెవరు పిలుస్తున్నరు?

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. పదహారు ఎమ్మెమ్ ఫిల్ము అంటే బొటనవేలంత వెడల్పు రిబ్బను. అంచు పొంటి చిన్న చిన్న రంధ్రాలుంటయి, స్ప్రాకెట్ హోల్స్ అంటరు. మిషన్ చక్రానికున్న పండ్లు వాటిల పడి ఫిల్మును గుంజుతయి. ఒక చుట్ట ఒక రీలు, పదిహేను ఇరవై నిమిషాలు ఆడుతది. ఈ సినిమాకు మూడు రీళ్లు. బడిల పీరియడేమో ముప్పావుగంట. పిల్లలను కూసోబెట్టి, ఫిల్ము ఎక్కించి, రీలు మార్చేసరికి రెండు రీళ్లకే బెల్లు కొడ్తరు. రెండో రీలు ఆఖర్ల మోహన్ అనే పిలగాడు మత్తుల తూలుకుంట పోయి రైలు పట్టాల పక్కన పడిపోతడు. "ఆడికి ఆపెయ్ సైదులూ, భయం మంచిగ నాటుకుంటది" అనెటోడు మా ఆఫీసు పెద్దసారు. నాకూ సులువే అయింది. అందుకే మా జిల్లాల ఆ సినిమా ఎప్పుడూ రెండు రీళ్లదే.

ఆ రోజూ అంతే వేసిన. మోహన్ బెల్‌బాటం ప్యాంటు చూసి పిల్లలు ఒకటే నవ్వుడు. ఒక్క పిల్ల నవ్వలే. బెల్లు కొట్టినంక నేను రీలు వెనక్కి చుడుతుంటే దగ్గరికొచ్చింది. పేరు గ్రేసి.

"సార్, ఆ అబ్బాయి చచ్చిపోయాడా?"

"సచ్చిపోయినట్టే బిడ్డా. అందుకే ఆ జోలికి పోవద్దు."

"మొదలుపెట్టినోళ్లంతా అంతేనా సార్? ఎవరూ బాగుపడరా?"

"అంతే. దాన్ల పడ్డోడు లేసింది లేదు" అన్న, పెద్ద మొనగాని లెక్క. నా నోటికేం తెలుసు, ఏండ్ల నుంచి అదే మాట. ఆ పిల్ల మొఖం చిన్నబోయింది. వెనక్కి తిరిగి పోయింది.

సునీత టీచర్ తర్వాత చెప్పింది. గ్రేసి వాళ్లన్న ప్రవీణ్ మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడుపుతడట. ఒళ్లు నొప్పులకని మొదలుపెట్టిన గంజాయి ఇప్పుడు పొద్దున లేస్తే కావాలట. తండ్రి లేడు, తల్లి కూలికి పోతది. దవాఖానకు పోదాం రమ్మని నెల రోజుల నుంచి అన్నను బతిమాలుతున్నది ఈ పిల్లే. ఉన్న ఆ జర ఆశనూ నేను ఖతం చేసి వచ్చిన.

ఇంటికి పొయ్యే మిర్యాలగూడ బస్సుల కూసున్ననే గాని సిగ్గుతోని తల పైకి లేవలే. ఇన్నేండ్లల్ల ఎంతమంది పిల్లలు ఇంటికి పోయి, నాయిననో అన్ననో చూసి, ఇగ గింతే అనుకున్నరో. మూడో రీలు ఒకటి ఉందన్న సంగతి నాకు తెల్వదా? కొత్తల పరీక్షకు ఒకసారి వేసి చూసిన గదా.

అటక మీద డబ్బా దొరికింది. మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన. పాత ఫిల్ము కుళ్లుతుంటే అదే వాసనొస్తది, అప్పుడది కుంచించుకపోయి రంధ్రాలు మిషన్ పండ్లకు సరిగ కూసోవు. మూడు రోజులు దాంతోనే కొట్లాడిన. తెగిన కాడల్లా కోసి టేపు అతికిచ్చిన. అప్పుడు టీచర్‌కు ఫోన్ చేసిన. "ఆ పిల్లకు నేను తప్పు చెప్పిన మేడం. సినిమా ఇంకా ఉంది. వాళ్లన్నను గూడ తీస్కరమ్మనుండ్రి."

శనివారం మధ్యాహ్నం వచ్చిండు. లోపలికి రాలే, తలుపు కాడనే నిలవడ్డడు, లారీ తాళం చేతిల తిప్పుకుంట. జర ఏమన్న అంటే అటే ఉరికెటట్టున్నడు. ఫిల్ము రెండుసార్లు తెగింది, రెండుసార్లూ అతికిచ్చిన. మాటలు సరిగ వినబడలే, బొమ్మ మాత్రం ఆడింది. మోహన్‌ను ఎవరో లేపి దవాఖానకు తీసుకపోతరు. రాత్రంత చెమటలు వట్టి మంచం మీద అటూ ఇటూ పొర్లుతడు. నర్సు పక్కనే కూసుంటది. ఆఖర్ల సైకిల్ షాపుల కూసొని పంచరు వేస్తుంటడు. అంతే, ఇంకేం గొప్ప లేదు.

లైటు వేసినంక ప్రవీణ్ మిషన్ కాడికొచ్చిండు. "సార్, ఆ నిద్ర పట్టకపోవడం ఎన్ని రోజులుంటది?" అని మెల్లగ అడిగిండు. "నేను రెండుసార్లు మానేశా. మూడో రోజుకే నిద్రలేక పిచ్చెక్కి మళ్లీ మొదలెట్టా."

గ్రేసి అన్న మొఖమే చూస్తున్నది. రెండుసార్లు మానిండన్న సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది.

"నాకు తెల్వదు తమ్మీ" అన్న. ఈసారి మొనగాడితనం చెయ్యలే. "నేను మిషన్ తిప్పెటోన్ని. తెలిసినోళ్లున్నరు, అడుగుదాం పా."

సోమవారం సూర్యాపేట పెద్ద దవాఖానకు ముగ్గురం పోయినం. డాక్టరమ్మ తిట్టలే, బెదిరియ్యలే. "మొదటి రెండు వారాలు గట్టిగ కష్టమైతది, దానికి మందులున్నయి, ఒక్కనివే బాధ పడొద్దు" అన్నది. ప్రవీణ్ మధ్యల ఒకసారి జారిండు. గ్రేసి మళ్లీ తీసుకపోయింది. ఏడాది దాటింది, లారీ నడుపుతనే ఉన్నడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తే నేను అడిగేది ఒక్కటే.

"నిద్ర వడుతుందా?"

"పడుతుంది సార్. గ్రేసి నీళ్లు చల్లితే గానీ లేవట్లేదు."

భయపెట్టుడు నా పని అనుకున్న సర్వీసంతా. పిల్లలల్ల ఎవరో ఒకరు ఇంట్ల దాన్ల పడ్డోళ్ల కోసం సినిమా చూస్తుంటరని ఆ పిల్ల అడిగేదాంక తట్టలే. మొన్న మాడుగులపల్లి కాడ ఒక బడిల రెండో రీలు అయిపోంగనే హెడ్మాస్టరు గడియారం చూసి లేసిండు, బెల్లు కొట్టియ్యనీకె.

"కూసోండ్రి సార్" అన్న. "పిలగాడు ఇంకా బతికే ఉన్నడు."