ముందు దాన్ని మాట్లాడనివ్వండి

మా బండి మెకానిక్ మేస్త్రిగారు పోయారు. ఆ కబురు నాకు తెలిసిన తీరు వారం దాటినా మర్చిపోలేకపోతున్నాను.

ఆ ఉదయం కొబ్బరికాయల లోడుతో అంబాజీపేట వెళ్తున్నాను. దారిలో వ్యాన్ ఇంజన్ దబదబా కొట్టడం మొదలుపెట్టింది. కాలవగట్టున పక్కకు తీసి, ఇంజన్ ఆపకుండానే అలవాటుగా ఆయనకు ఫోన్ చేశాను. ఆయనకు ఫోన్ చేసినప్పుడు హలో అనకూడదు. "నమస్కారాలు తర్వాతండి, ముందు దాన్ని మాట్లాడనివ్వండి" అనేవారు. అందుకే అవతల ఎత్తగానే నా ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టి, నిమిషంపాటు అలాగే పట్టుకున్నాను. తీరా చెవికి ఆనించుకుంటే ఏడుపులు. వాటి మధ్య ఆయన భార్య గొంతు.

"తెల్లారగట్ల నిద్దట్లోనే పోయేరండి."

ముందురోజు సాయంత్రమే ఆయనతో మాట్లాడాను. గురువారం బండి తీసుకురమ్మన్నారు. జబ్బు లేదు, జ్వరం లేదు. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. పైగా, భర్త శవం పక్కన కూర్చున్న మనిషికి నా డొక్కు వ్యాన్ గోల వినిపించాను. ఇంత సిగ్గుమాలిన పని నా జన్మలో చేయలేదు.

ఆయన షెడ్డు వెనకే వాళ్ల ఇల్లు. బండి రాగానే పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. తర్వాత నన్నూ వినమనేవారు. పైనుంచి టకటకలాడితే టాపెట్లు. లోడుతో వంతెన ఎక్కేటప్పుడు గలగలమంటే నాజిళ్లో, కల్తీ డీజిలో. అడుగునుంచి బరువుగా కొడితే బేరింగులు, అక్కడికక్కడే ఆపేయాలి. నాకు అన్నీ ఒక్కలాగే వినబడేవి. అయినా తలూపేవాణ్ణి. ఆయనకు ఆ సంగతి తెలుసు, నవ్వి ఊరుకునేవారు. వంటింట్లోంచే చప్పుడు విని ఆయన భార్య "టాపెట్లేనా?" అని అడిగితే మాత్రం, మా ఇంటి మేస్త్రి చెప్పేసిందండి అని మురిసిపోయేవారు.

ఒకసారి ఇంజన్ చప్పుడు భరించలేక నెలరోజులు పాటలు గట్టిగా పెట్టుకుని తిరిగాను. తగ్గిపోయిందండి అని ఆయనతో గొప్పగా చెప్పాను కూడా. ఆయన పాట కట్టేసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "చప్పుడు తగ్గిందా, మీరు వినడం తగ్గించేరా?" అన్నారు. ఆ మాట నాకు బండి విషయంలోనే కాదు, ఇంట్లో కూడా చాలాసార్లు పనికొచ్చింది.

ఆ ఉదయం వ్యాన్ అక్కడే వదిలేసి, ఆటో ఎక్కి వాళ్లింటికి వెళ్లాను. ఆయన్ని షెడ్డులోనే పడుకోబెట్టారు, చుట్టూ జనం. చేసిన పనికి క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆవిడ ఎదుటకు వెళ్లి నిలబడ్డాను. ఆవిడే తలెత్తి చూశారు.

"బండి నడుపుకుంటూ వచ్చేరా?"

లేదండీ, గట్టునే వదిలేశానన్నాను.

"మంచిపని చేసేరు. అడుగునుంచి కొడతందండి. కదపకండి."

"ఆయ్, కదపనండి" అన్నాను. అంత దుఃఖంలోనూ ఆ నిమిషమంతా ఆవిడ విన్నారు. ఆయన బదులు విన్నారు.

ఆయన తల దగ్గర దీపం వెలుగుతోంది. పైన గోడ మేకుకు స్క్రూడ్రైవర్ వేలాడుతోంది. చెవికి ఆనేచోట దాని పిడి నున్నగా అరిగి ఉంది.